డ్రై క్లీనింగ్: తడి లేని ఉతుకేనా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజార్లలో 'డ్రై క్లీనింగ్' బోర్డు చూసి, బట్టల్ని పొడిగానే దులిపి ఇస్తారేమో అనుకునేవాళ్ళున్నారు. అదేం కాదు. బట్ట తడుస్తుంది, కాకపోతే నీళ్ళతో కాదు.

నూనె మరక నీటికి లొంగదు. సేంద్రియ ద్రావణిలో ఇట్టే కరుగుతుంది. అందుకని మొదట్లో టర్పెంటైన్, పెట్రోలు వాడారు. అవి భగ్గున అంటుకునేవి. తర్వాత వచ్చిన కార్బన్ టెట్రాక్లోరైడ్ మండదు గానీ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాని స్థానంలోకి వచ్చిందే పెర్‌క్లోరోఇథిలీన్. మండదు, 121 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరిగించి, ఆవిరిని చల్లార్చి మళ్ళీ వాడుకోవచ్చు. ఉన్ని ముడుచుకోదు.

అయితే దీని ఆవిరి గాలికన్నా 5 రెట్లకు పైగా బరువు. గాలి ఆడని గదిలో పేరుకుపోతుంది. పీల్చినవాళ్ళకు తలనొప్పి, తలతిరుగుడు. 1995లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని 'బహుశా కేన్సర్ కారకం' అన్న వర్గంలో చేర్చింది. మన దేశంలో చాలా దుకాణాలు వాడే మినరల్ టర్పెంటైన్ ఆయిల్‌కు నిప్పు భయం ఉండనే ఉంది.

సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే నూలు, పాలిస్టరు బట్టలకు సబ్బునీళ్ళు చాలు. పట్టు, ఉన్ని బట్టలకే ఈ ఖర్చు పెట్టండి. తెచ్చిన బట్టను వాసన పోయేదాకా గాలికి ఆరేసి, అప్పుడే బీరువాలో పెట్టండి. మనం ఒక్క పూట భరించే ఆ వాసనను దుకాణంలో పనివాడు రోజంతా పీలుస్తాడు. అక్కడ కిటికీలు తెరిచి ఉన్నాయో లేదో ఒకసారి చూసి, లేకుంటే యజమానికి చెప్పండి.