మంచం పట్టినవారికి పుండ్లు పడకుండా

గోదావరిఖనిలో సింగరేణి గనులకు రోజుకు మూడు షిఫ్టులు. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో పన్నెండు షిఫ్టులు. ఎందుకంటే ఆ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి.

ఎందుకు తిప్పాలి?

ఒకే వైపు పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలుగుతుంది. అక్కడికి రక్తం అందదు. చర్మం చచ్చి పుండు పడుతుంది. నడుం కింద, తుంటి, మడమలు రోజూ చూడండి. ఎర్రగానో నల్లగానో మచ్చ కనబడి, పక్కకు తిప్పినా పోకపోతే అదే మొదటి గుర్తు. దాన్ని రుద్దొద్దు. దాని మీద బరువు పడనీయొద్దు.

ఏం చేయాలి?

మనిషిని ఈడ్వొద్దు. ఇద్దరు కలిసి దుప్పటితో లేపి జరపండి. పక్కబట్ట ముడతలు లేకుండా పరవండి. తడిస్తే వెంటనే మార్చండి. పిక్కల కింద దిండు పెట్టండి. అప్పుడు మడమలు పరుపుకు తగలవు. మింగగలిగితే పప్పు, గుడ్డు, పాలు కొంచెం కొంచెంగా పెట్టండి.

పుండు పడితే?

లీటరు నీళ్ళలో చిన్న చెంచాడు ఉప్పు వేసి మరిగించి చల్లార్చండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ నీళ్ళతో పుండు కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పండి. పసుపు, బూడిద, ఆకు పసరు పెట్టొద్దు. చీము, వాసన, జ్వరం ఉంటే డాక్టరుకు చెప్పండి. నొప్పికీ, వాసనకూ మందులున్నాయి. ఇంటికి వచ్చి చూసే 'ఆలన' నర్సుల గురించి ఆశా కార్యకర్తను అడగండి.

చివరి రోజుల్లో ఎంత చూసుకున్నా పుండు పడొచ్చు. మానకపోవచ్చు. అది మీ తప్పు కాదు. నొప్పి తగ్గించడం కూడా వైద్యమే.

పన్నెండు షిఫ్టులూ ఒక్క ఆడమనిషే చేయలేదు. ఇంట్లో మగవాళ్ళనూ ఒక చేయి వేయమనండి.