పాత సైకిలును బాగుచేయించడమా, కొత్తది కొనడమా?

నాందేడ్ నగరంలో తెల్లవారక ముందే రోడ్డెక్కే వాహనం సైకిలు. పాలు, దినపత్రికలు వేసేవారు, కట్టడం పనులకు వెళ్లే మేస్త్రీలు, గోదావరి వంతెన దాటి సిడ్కో ప్రాంతం నుంచి నగరంలోకి వచ్చే కార్మికులు, విష్ణుపురిలోని విద్యాసంస్థలలో చదువుకునే విద్యార్థులు దీనిపై ఆధారపడి ఉన్నారు. ఇటీవల ఆరోగ్యం కోసమూ, ఆసక్తి కొద్దీ సైకిలు తొక్కేవారు కూడా ఉదయం వేళల్లో కనిపిస్తున్నారు. 2008లో జరిగిన గురుతా గద్దీ త్రిశతాబ్ది ఉత్సవాల కాలంలో, జవాహర్‌లాల్ నెహ్రూ జాతీయ నగర నవీకరణ పథకం కింద నగర రహదారులను పునర్నిర్మించినప్పుడు, కొన్ని ప్రధాన మార్గాలలో పాదచారులతో పాటు సైకిలు తొక్కేవారికీ స్థలం కేటాయించారు.

నాందేడ్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండినందున, తెలంగాణ జిల్లాలతో దీనికి బంధుత్వాలూ, ఉపాధి సంబంధాలూ పాతవే. బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం ఊరి నుంచి తెచ్చుకున్నదో, తండ్రి వాడినదో ఒక నల్లని పాత సైకిలును కలిగి ఉంటాయి. దానిని పాత ఇనుము కింద అమ్మివేయాలా, మరమ్మతు చేయించాలా అన్నది నెల జీతంతో ముడిపడిన ప్రశ్న. తొందరపడి అమ్మితే ఇంకా పదేళ్లు పనిచేయగల వాహనం పోతుంది. విరగడానికి సిద్ధంగా ఉన్న సైకిలుకు కొత్త రంగు వేయించి తొక్కితే ప్రాణానికే ముప్పు. ఈ నిర్ణయానికి ఉపకరించే వివరాలను ఇక్కడ తెలుపుతున్నాము.

ముందుగా చూడవలసింది ఫ్రేము

సైకిలులో తక్కినవన్నీ మార్చదగిన భాగాలు. టైర్లు, చైను, పుల్లలు, బ్రేకు రబ్బర్లు అరిగిపోవడానికే ఉన్నాయి. ఫ్రేము, దాని ముందుండే ఫోర్కు అలాంటివి కావు. ఇవి రెండూ గట్టిగా, తిన్నగా ఉంటే ఆ సైకిలును బాగుచేయించడం దాదాపు ఎల్లప్పుడూ లాభమే. ఇవి చెడితే, తక్కిన భాగాలపై పెట్టే ఖర్చు వృథా.

ఫ్రేము తిన్నగా ఉన్నదో లేదో ఒక దారంతో తెలుసుకోవచ్చు. వెనుక చక్రపు ఇరుసు బిగించే చోట ఎడమ వైపున దారం కట్టి, దానిని ముందుకు తెచ్చి, హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం చుట్టూ తిప్పి, కుడి వైపున అదే చోటికి తీసుకువెళ్లి బిగించండి. సీటు కింది నిలువు గొట్టానికీ దారానికీ మధ్య ఎడమవైపు, కుడివైపు ఎంత దూరం ఉన్నదో స్కేలుతో కొలవండి. తేడా రెండు, మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే దిగులు పడనవసరం లేదు. అంతకు మించితే ఫ్రేము వంగినట్లే.

తరువాత హ్యాండిల్ వెనుక, కింది గొట్టం అడుగుభాగాన్ని వేలితో తడిమి చూడండి. అక్కడ రంగు ముడతలు పడి ఉబ్బెత్తుగా తగిలితే, ఆ సైకిలు ఎప్పుడో దేనినో బలంగా ఢీకొన్నదని అర్థం. గొట్టాలు కలిసే కీళ్ల వద్ద సన్నని పగుళ్లు, పెడళ్ల ఇరుసు ఉండే గూటి అడుగున లోతైన తుప్పు కూడా ప్రమాద చిహ్నాలే. పైపైన కనిపించే తుప్పు గీకితే పోతుంది. గొట్టాన్ని తొలిచివేసిన తుప్పు మాత్రం పోదు.

పాత సైకిళ్ల ఫ్రేములు ఉక్కువి. పగులు చిన్నదైతే నిపుణుడైన పనివాడు వాటిని అతకగలడు. అల్యూమినియం మిశ్రమలోహపు ఫ్రేము విషయంలో ఆ వీలు లేదు. వెల్డింగు వేడికి ఆ లోహం తన గట్టిదనాన్ని కోల్పోతుంది. దానిని తిరిగి తెప్పించే ప్రక్రియ వీధి దుకాణంలో జరిగేది కాదు. కనుక పగిలిన అల్లాయ్ ఫ్రేమును అతికించి వాడకండి.

కంపెనీ మూతపడితే భాగాలు దొరుకుతాయా?

1951లో సోనీపత్‌లో ప్రారంభమైన అట్లాస్ సంస్థ తన సాహిబాబాద్ కర్మాగారంలో 2020 జూన్ 3న ఉత్పత్తి నిలిపివేసింది. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినోత్సవం కూడా అదే రోజు. ఇలాంటి వార్తలు విన్నవారు తమ సైకిలుకు ఇక విడిభాగాలు దొరకవని భయపడుతుంటారు. ఆ భయం అనవసరం. హీరో, అట్లాస్, ఏవన్, హెర్క్యులిస్ తదితర కంపెనీల పాత నల్ల సైకిళ్లన్నీ బ్రిటిష్ నమూనాను అనుసరించి తయారైనవే. కాబట్టి ఒకదాని టైరు, చైను, ఫ్రీవీలు, ఇరుసు చాలావరకు మరొకదానికి సరిపోతాయి. లూథియానాలో తయారయ్యే ఈ భాగాలు చిన్న పట్టణాల దుకాణాలలో సైతం లభిస్తాయి. అనేక గేర్లు ఉన్న కొత్త సైకిళ్ల భాగాలకు ఈ సౌలభ్యం లేదు.

ఓవర్‌హాలింగ్‌లో ఏమేమి జరగాలి?

ఓవర్‌హాలింగ్ అంటే నూనె వేసి తుడవడం కాదు. రెండు చక్రాల ఇరుసులు, పెడళ్ల ఇరుసు, హ్యాండిల్ కీలు విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, కొత్త గ్రీజు పెట్టి, కొత్త గుండ్లు వేయాలి. సాధారణంగా ముందు చక్రానికి 3/16 అంగుళం, వెనుక చక్రానికీ పెడళ్ల ఇరుసుకూ 1/4 అంగుళం గుండ్లు పడతాయి. పాత గుండ్లలో కొత్తవి కలపరాదు. అరిగినవి చిన్నవైపోయి ఉంటాయి గనుక బరువంతా కొత్తవాటిపైనే పడి, అవి త్వరగా పగులుతాయి.

చైను సాగినదో లేదో మీరే కొలవవచ్చు. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. కాబట్టి 24 లంకెల పొడవు సరిగా 12 అంగుళాలు ఉండాలి. అది 1/16 అంగుళం పెరిగితే చైను మార్చండి. 1/8 అంగుళం పెరిగిందంటే పళ్ల చక్రాలు కూడా అరిగి ఉంటాయి. అప్పుడు చైను ఒక్కటే మార్చితే అది జారుతుంది.

పాత నమూనా సైకిలుకు ముందు చక్రంలో 32, వెనుక చక్రంలో 40 పుల్లలు ఉంటాయి. బరువులో ఎక్కువ భాగం వెనుక పడుతుంది గనుక ఈ ఏర్పాటు. రిమ్ము మార్చవలసి వస్తే రంధ్రాల సంఖ్య చూసి కొనాలి. ఇంట్లోనే పెడలు విప్పదలచినవారు ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుందని గమనించాలి. మామూలు పద్ధతిలో తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది.

టైరుపై అంకెల చిక్కు

తప్పు టైరు కొని తిరిగి దుకాణానికి వెళ్లేవారు చాలామంది. ‘28’ అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకటి కావు. పాత నల్ల సైకిలుకు పట్టే 28 × 1½ టైరు కూర్చునే వలయపు వ్యాసం 635 మిల్లీమీటర్లు. కొత్త సైకిళ్లలో 700సి అని పిలిచే టైరుకు అది 622 మిల్లీమీటర్లు. అలాగే 26 × 1⅜ టైరుకు 590, లావుపాటి 26 × 1.95 టైరుకు 559. టైరు పక్కభాగంలో 40-635 వంటి జంట అంకెలు ఉంటాయి. అందులో మొదటిది వెడల్పు, రెండవది వ్యాసం. రెండవ అంకె మీ పాత టైరుపై ఉన్నదానితో కలిసి తీరాలి.

పొదుపు చేయకూడని చోటు బ్రేకులు

రంగు, సీటు కవరు తరువాత చూసుకోవచ్చు. బ్రేకుల విషయంలో వాయిదా కూడదు. కడ్డీ బ్రేకులు, మెరిసే ఉక్కు రిమ్ములు ఉన్న పాత సైకిలు వానలో తడిసినప్పుడు వెంటనే ఆగదు; రబ్బరు తడి ఉక్కుపై జారుతుంది. వంతెన దిగుతున్నప్పుడు ముందు పిల్లవాడు, వెనుక బస్తా ఉంటే ఈ జాప్యమే ప్రమాదానికి కారణమవుతుంది. వర్షాకాలానికి ముందే నాలుగు రబ్బర్లూ ఒకేసారి మార్పించండి. ఆపై సైకిలు పక్కన నిలబడి పరీక్షించండి: ముందు బ్రేకు నొక్కి ముందుకు తోస్తే వెనుక చక్రం పైకి లేవాలి, వెనుక బ్రేకు నొక్కి తోస్తే చక్రం తిరగకుండా ఈడ్చుకుపోవాలి. తడి రోడ్డుపై ఆగవలసిన చోటికి చాలా ముందుగానే బ్రేకు వేయడం అలవాటు చేసుకోండి.

ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు?

పని మొదలుపెట్టకముందే మార్చవలసిన భాగాల జాబితాను, ధరలను, కూలిని కాగితంపై రాయించుకోండి. ఫ్రేము బాగుండి, మొత్తం ఖర్చు అదే రకం కొత్త సైకిలు ధరలో సగానికి లోబడి ఉంటే బాగుచేయించడం మేలు. సగం దాటితే బ్రేకులు, చక్రాలు, చైను ఇప్పుడు చేయించి తక్కినవి తరువాత చూసుకోవచ్చు. ఫ్రేము చెడితే మాత్రం ఖర్చు ఎంత తక్కువైనా ఆ పని చేయించకండి. పనికివచ్చే చక్రాలను, సీటును, క్యారియర్‌ను విప్పుకొని, తక్కిన ఇనుమును పాత సామాను వ్యాపారికి ఇవ్వండి.

కొత్తది కొనేటప్పుడు

దుకాణంలో మొదట చెప్పవలసింది మీ పని: రోజుకు ఎంత దూరం, ఎంత బరువు, ఎలాంటి దారి. గ్యాసు బండ, కూరల బుట్టలు మోసేవారికి క్యారియర్, బలమైన స్టాండు, ఎక్కువ పుల్లలు ఉన్న ఒక్క గేరు సైకిలే తగినది. 21 గేర్లు అంటే ముందు 3, వెనుక 7 పళ్ల చక్రాల లెక్క. వాటిలో అనేకం దాదాపు ఒకే బలాన్ని ఇస్తాయి. పెద్ద ఎత్తులు లేని దారిలో వాటికోసం డబ్బు ఎక్కువ పెట్టనవసరం లేదు. చవక సైకిళ్లకు అమర్చే స్ప్రింగు ఫోర్కు బరువు పెంచడం తప్ప పెద్దగా చేసేది లేదు. నగర శివార్లలో నల్లరేగడి దారిన వెళ్లేవారు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎడం ఎక్కువగా ఉన్నది చూసి కొనాలి. లేనిచో వానకాలంలో బంకమట్టి పట్టి చక్రం నిలిచిపోతుంది.

కొలత చూడడం మరువకండి. సీటుపై కూర్చుని, పెడలు పూర్తిగా కిందికి దిగినప్పుడు మడమను దానిపై ఉంచితే కాలు తిన్నగా రావాలి. ‘పిల్లవాడు ఎదుగుతాడులే’ అని పెద్ద సైకిలు కొనడం మంచిది కాదు. కాలు నేలకు అందని పిల్లవాడు రద్దీలో సైకిలును ఆపలేడు.

దూరయానాలపై ఆసక్తి కలవారికి ఒక మాట. బ్రెవే అని పిలిచే దూరయానాలలో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. ఆగే సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల సగటు చాలును. ఇక్కడ కావలసింది అతి తేలికైన సైకిలు కాదు, శరీరానికి సరిపడే కొలత, నమ్మదగిన టైర్లు. చక్కగా పునరుద్ధరించిన ఉక్కు ఫ్రేము ఈ పనికి చాలు.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లపై, వాటి విడిభాగాలపై వస్తు సేవల పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో దీనిని సరిచూసుకోండి. విద్యుత్ సైకిలు కొనేవారు మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించలేదని తెలిపే ఆమోదపత్రం అడగాలి. ఆ హద్దు దాటినది చట్టం దృష్టిలో మోటారు వాహనం. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం.

వాడిన సైకిలు కొంటున్నారా?

అమ్మేవారి పేరు, చిరునామా, తేదీ, ఫ్రేము నంబరు రాసిన రసీదు తప్పక తీసుకోండి. నంబరు సీటు గొట్టం వద్ద గాని, పెడళ్ల గూటి అడుగున గాని చెక్కి ఉంటుంది. దానిని రుద్దివేసిన సైకిలు ఎంత చవకైనా కొనకండి. దొంగసొత్తని తెలిసి గాని, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గాని దురుద్దేశంతో తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. మీ సొంత సైకిలు నంబరును కూడా ఇంట్లో రాసి ఉంచుకుంటే, పోయినప్పుడు పోలీసు ఫిర్యాదుకు పనికివస్తుంది.

దుకాణంలో వినిపించే మాటలు

మరాఠీ కొత్తగా నేర్చుకుంటున్నవారికి ఈ మాటలు ఉపయోగపడతాయి. చాక్ అంటే చక్రం, ఆరే అంటే పుల్లలు, సాఖళీ అంటే చైను, ఛర్రే అంటే గుండ్లు, పానా అంటే స్పానరు, హవా అంటే గాలి, దురుస్తీ అంటే మరమ్మతు, పావతీ అంటే రసీదు. ‘ఖర్చ్ కితీ యేఈల్?’ అంటే ఖర్చు ఎంత అవుతుంది అని అర్థం. ‘జునే ఛర్రే పరత్ ఘాలూ నకా’ అంటే పాత గుండ్లు మళ్లీ వేయవద్దు అని. పని పూర్తయిన తరువాత ‘పావతీ ద్యా’ అని అడగండి.

సైకిలు పాతదైనా, కొత్తదైనా వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, మోగే బెల్లు, రాత్రివేళ ముందు దీపం ఉండవలెను. చీకటిలో వెనుక నుంచి వచ్చే వాహనదారునికి నల్లని సైకిలు కనబడదు. రిఫ్లెక్టరు ఖరీదు స్వల్పం. ఓవర్‌హాలింగ్‌కు ఇచ్చిన రోజే దానిని కూడా బిగించమని చెప్పగలరు.