వాగు గట్టున వెలసిన జాతి

రెండేండ్లకు ఒకసారి మాఘమాసము సమీపించినంతనే ఓరుగల్లు సీమ పల్లెలయందు కొత్త సందడి కనబడును. జనగామ ప్రాంతమునందలి తరిగొప్పుల వంటి మైదాన గ్రామములవారును బెల్లము తూయించుకొని, కోడిని చంకన పెట్టుకొని, మేడారపు దారి పట్టుదురు. పూర్వము ఎడ్లబండ్లు కట్టుకొని, దారిలో మజిలీలు చేయుచు పోయెడివారు. నేడు బస్సులలో పోవుచున్నారు. ములుగు దాటి అడవిలో ప్రవేశించి, జంపన్న వాగున మునిగి, గద్దెలకు మ్రొక్కి, బెల్లమును ‘బంగారము’ అని అర్పించి మరలి వత్తురు. సమ్మక్క సారలమ్మల పేరు ఎరుగనివారు ఈ సీమలో లేరు. కాని ఆ తల్లులను తమ ఇంటి ఆడపడుచులుగా చెప్పుకొను కోయజాతిని ఎరిగినవారు ఎందరు? పట్టణపు వీధిలో మూలికలు అమ్మువానిని చూచి, కోయలనగా వీరే అని తలచువారే ఎక్కువ.

కోయలు గోదావరికిని, దానిలో కలియు శబరి మొదలగు నదులకును ఇరుగడల గల అడవులలో వ్యాపించి యున్నారు. తెలంగాణమున ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు, భద్రాద్రి ప్రాంతములును, గోదావరికి ఆవల ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవులును వీరి నివాసములు. వీరు తమను ‘కోయతూరు’ అని చెప్పుకొందురు. వీరి భాష గోండీకి దగ్గరిదైన ద్రావిడ భాష. తెలుగులో ‘ఏరు’ అనగా పారెడి ప్రవాహము. కోయభాషలో ‘ఏర్’ అనగా నీరే. ఈ ఒక్క మాటయే రెండు భాషల చుట్టరికమును తెలుపుచున్నది. 2011 జనగణనలో కోయను మాతృభాషగా చెప్పినవారు సుమారు 4 లక్షలు. ములుగు ప్రాంతమున చాలమంది కోయల ఇండ్లలో నేడు తెలుగే వినిపించుచున్నది.

కోయల సంఘమునకు మూలస్తంభము ‘గట్టు’. ఇది వాగు గట్టు కాదు. వంశముల కూటమికి వారు పెట్టుకొన్న పేరు. మూడవ గట్టు, నాల్గవ గట్టు, అయిదవ గట్టు అని సంఖ్యలతో వీనిని పిలుతురు. ఒక్కొక్క గట్టులో పెక్కు ఇంటిపేర్లు ఉండును. ఒకే గట్టువారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికి పెండ్లి నిషిద్ధము. కొత్తగా వచ్చిన కోయను మొదట అడుగునది, “మీది ఎన్నవ గట్టు? మీ వేల్పు ఎవరు?” అని. ఆ రెండు మాటలతో అతడు అన్న అగునో, బావ అగునో తేలిపోవును. ప్రతి గట్టునకు వేల్పు కలదు. వేల్పునకు కొలుపు కలదు. కొలుపు జరిపించుటకు వడ్డె, అనగా పూజారి కలడు.

ఇట్టి జాతికి వ్రాతప్రతి లేదు గనుక చరిత్ర లేదనుట పొరపాటు. వారి గ్రంథము ‘పడిగె’. ఇది ముక్కోణపు ఆకారమున పొడవుగా సాగిన వస్త్రము. వంశమూలపురుషులు, వేల్పులు, జంతువులు, యుద్ధములు దానిపై బొమ్మలుగా నిలిచియుండును. డోలి వంశమువారు వేల్పు కొలుపునాడు వాద్యములతో ఆ పడిగె ఎదుట నిలిచి, బొమ్మ వెంట బొమ్మగా కథ పాడుదురు. గ్రంథము ఒకచోట, చదువరి కంఠము మరియొకచోట ఉన్న పుస్తకము ఇది; ఒకటి పోయినచో రెండవది మూగపోవును. మణుగూరు ప్రాంతపు గాయకుడు సకిని రామచంద్రయ్య ఇట్టి కథలను కోయలోను, తెలుగులోను పాడి 2022లో పద్మశ్రీ పురస్కారమును పొందెను. 2024లో ఆయన కన్నుమూసెను. అట్టి గాయకునితో ఒక గ్రంథాలయమే తరలిపోయినదనిన అతిశయోక్తి కాదు.

కోయల సంవత్సరము పండుగలతో నడచును. పండుగను వారు ‘పండుం’ అందురు. వానలకు ముందు విత్తనాల పండుగ వచ్చును. ఇంటింటి విత్తనములను గ్రామదేవత ఎదుట ఉంచి, కొలుపు ముగిసిన తరువాతనే చల్లుటకు తీసికొందురు. పురుషులు కలిసి వేటకు పోవుటయు ఈ పండుగలో భాగమే. పిదప కొత్తలు వచ్చును. చిక్కుడు కాయగాని, జొన్నగాని, ఇప్పపువ్వుగాని వేల్పునకు అర్పింపక ముందు ఎవరును నోట పెట్టరాదు. ఇది భక్తి మాత్రమే కాదు, కట్టుబాటు కూడ. కాయ ముదురువరకు, పంట పండువరకు ఆగవలెను. ఎవరికి వారు ముందుగా కోసికొనరాదు. అందరును ఒకేనాడు తినవలెను. అడవిని నమ్మి బ్రతుకువారికి ఇంతకంటె మేలైన శాసనము వేరొకటి ఉండదు. ఆ దినములలో పురుషులు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకొని డోళ్ళు వాయించుచు ఆడుదురు. స్త్రీలు చేతులు కలిపి రేల పాటకు అడుగు వేయుదురు. కరువు కాలమున మామిడి టెంక పిండిని జావ కాచుకొని త్రాగు ఇండ్లు సైతము ఈ కొత్తల కట్టుబాటును తప్పవు.

మేడారపు జాతర ఈ జీవనమునకు శిఖరము. మహబూబాబాదు అడవులలోని పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజును, కొండాయి నుండి గోవిందరాజును, కన్నెపల్లి నుండి సారలమ్మను తోడితెత్తురు. తుదకు చిలకలగుట్ట నుండి సమ్మక్కను కుంకుమభరిణె రూపమున గద్దెకు తెత్తురు. కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున, అనగా 1289–1323 నడుమ, కరువు వచ్చి కప్పము చెల్లింపలేని కోయలపై సేనలు వచ్చెననియు, జంపన్న సంపెంగ వాగున పడి ప్రాణము విడువగా ఆ వాగు అతని పేర జంపన్న వాగు అయ్యెననియు, గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు పోయి అదృశ్యమయ్యెననియు కథ. విగ్రహము లేని ఈ కొలుపునందలి అసలు మాట ఒక్కటే: పండని నేలకు పన్ను అడుగరాదు.

ఇట్టి కథ ఒక్క గోదావరి తీరమునకే చెందినది కాదు. అమెరికా దక్షిణ భాగమున, నేటి జార్జియా, అలబామా సీమలలో మస్కోగీ అను జాతి ఉండెను. వారు వాగుల ఒడ్డున నివసించుటచే ఇంగ్లీషువారు వారిని ‘క్రీక్’ అనిరి. క్రీక్ అనగా వాగు. వారికిని వంశములు కలవు; అయితే వంశము తల్లి నుండి వచ్చును. వారును కొత్త మొక్కజొన్నను పండుగ చేయక ముందు తినరు. పాత నిప్పు ఆర్పి, కొత్త నిప్పు రగిల్చి, హత్య తప్ప తక్కిన నేరములను ఆనాడు క్షమింతురు. 1814 నాటి ఒప్పందముతో వారు 2 కోట్లకు పైగా ఎకరములను పోగొట్టుకొనిరి. 1836లో సైనికులు మిగిలినవారిని పశ్చిమమున నేటి ఓక్లహోమాకు తరలించిరి. దారిలో ఎందరో మరణించిరి. అక్కడ వారికిచ్చిన భూభాగము శిక్షాస్మృతి విషయమున నేటికిని వారిదేనని అమెరికా సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పెను. నేల పోయినను కొత్త నిప్పు పండుగను విడువని జాతి కనుకనే, ఆ తీర్పు వినుటకు ఒక జాతిగా మిగిలియుండెను.

కోయలను ఎవరును ఒక్కనాడు సైన్యముతో తరుమలేదు. వారి నేల అప్పుపత్రములతోను, అడవి సరిహద్దు రాళ్ళతోను కొంచెము కొంచెముగా జారిపోయినది. పోడు వ్యవసాయము నేరమైనది. దీనిని అరికట్టుటకు 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చినది. 1963లో అది తెలంగాణ ఏజెన్సీకి వర్తించినది. 1970 సవరణచే ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయించుట నిషిద్ధమైనది. 2006లో అటవీహక్కుల చట్టము పోడు సాగు చేయువారికి హక్కు పొందు మార్గము చూపినది. అయినను చట్టమును చదివి, పత్రమును చూపి, హక్కును నిలుపుకొనుటకు చదువు కావలెను.

ఆ చదువు ఎట్టిది? కోయ బాలుడు బడిలో తన భాషను విడిచి, తన గట్టు పేరు చెప్పుటకు సిగ్గుపడు చదువైనచో, ఆ లాభము వెంట ఒక నష్టమును వచ్చును. ములుగున సమ్మక్క సారక్కల పేర కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమును నెలకొల్పుటకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. పడిగెను చదువగలవారిని గురువులుగా కూర్చుండబెట్టినచో ఆ పేరు సార్థకమగును. పల్లెబడి ఉపాధ్యాయుడు అంతవరకు వేచియుండ పనిలేదు. రాబోవు జాతరకు తరిగొప్పుల నుండి బయలుదేరు విద్యార్థి గద్దెకు మ్రొక్కిన పిమ్మట, ప్రక్కన నిలిచిన కోయ బాలుని “మీది ఎన్నవ గట్టు?” అని అడిగిన చాలును. తల్లులకు అర్పించు బంగారములో ఆ ప్రశ్నయు చేరును.