పొగతో పోవు పాదరసము

థర్మామీటరు పగిలినప్పుడు నేలపై పరుగెత్తిన వెండిగుండ్లను వ్రేలితో పట్టజూడనివారు మనలో అరుదు. చేతికి చిక్కని ఆ పాదరసమే బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రముల పొగలోనుండియు తప్పించుకొని పోవుచున్నది. దానిని పట్టు విధము నిప్పుడు ముచ్చటింతము.

టన్ను బొగ్గులో పాదరసము సుమారు గ్రాములో పదవవంతు. ఇంతేనా యనిపించును. దినమునకు పదివేల టన్నులు కాల్చు కేంద్రమున అదియే కిలోగ్రాము! 357 సెంటిగ్రేడు డిగ్రీలకే పాదరసము మరగును. కొలిమి వేడిమి వేయి డిగ్రీలకు పైమాట. కనుక అది ఆవిరియై పొగలో కలియును. గాలితో దేశములు దాటి నీటిలో పడును. అచట సూక్ష్మజీవులు దానిని మీథైల్ పాదరసముగా మార్చును. చిన్నచేపను పెద్దచేప మ్రింగినకొలది ఆ విషము పేరుకొనును. అట్టి చేపలను గర్భిణి తరచుగా తిన్నచో తనకు బాధ తెలియకున్నను కడుపులోని శిశువు మెదడునకు హాని కలుగవచ్చును.

బూడిద రేణువుల నంటిన పాదరసము గుడ్డసంచుల వడపోతలో చిక్కును. శుద్ధమైన ఆవిరి మాత్రము చిక్కదు, నీట కరగదు. బొగ్గులోని క్లోరీనుతో కలిసి లవణమైనచో, గంధకపు వాయువును కడుగు సున్నపురాతి నీటిలోనే కరగును. అమెరికాలో తూర్పున అపలేచియన్ గనుల బొగ్గున కీ సౌకర్యము కలదు. పడమట వ్యోమింగ్ బొగ్గులో క్లోరీను తక్కువ. అట్టిచోట బ్రోమిను పట్టించిన నల్లపొడిని పొగలోనికి ఊదుదురు. విషము మ్రింగినవారికి వైద్యులిచ్చు కార్బను పొడి వంటిదే యిదియు. బొగ్గు చేసిన కీడునకు బొగ్గుపొడియే మందైనది!

2011లో అమెరికా ప్రభుత్వము పరిమితి విధింపగా, 2017 నాటికి అచటి కేంద్రముల పాదరసము 2010తో పోల్చినచో నూటికి ఎనుబది పాళ్లకు మించి తగ్గినది. మన దేశమున 2015 డిసెంబరులో ఘనమీటరు పొగకు 0.03 మిల్లీగ్రాములు మించరాదని, కొన్ని పాత చిన్న యంత్రములను మినహాయించి, నియమము చేసిరి. అయితే 2025 జూలైలో గంధకపు నియమమును మన కేంద్రములలో అధికభాగమునకు సడలించిరి. కడుగు యంత్రమే లేనిచోట పాదరసమును పట్టు ఒక దారి మూసికొనునని మాకు తోచుచున్నది.

పట్టిన పాదరసము నశింపదు, బూడిదలో నిలిచియుండును. ఆ బూడిదను సిమెంటు బట్టీలో కాల్చినచో మరల ఆవిరియగును. ఏ కేంద్రపు బూడిద యెక్కడికి పోవుచున్నదో లెక్క వ్రాసి యుంచవలెను.