ఫాల్ డిటెక్షన్ వాచ్ కొన్నాం.. అమ్మమ్మ పడినప్పుడు అది ఛార్జింగ్‌లో ఉంది

సంక్రాంతికి ఉయ్యూరు వెళ్లినప్పుడు అమ్మమ్మకి స్మార్ట్‌వాచ్ కొనిచ్చాను. ఆమెకు 76 ఏళ్లు, ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. "టైమ్ చూసుకోడానికి ఇంత ఖరీదు గడియారం ఎందుకురా?" అంది. "నువ్వు పడితే ఇది మాకు చెబుతుంది అమ్మమ్మా" అన్నా. "పడకుండా ఏమైనా చేస్తుందా మరి?" అనడిగింది. నవ్వేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లిపోయా.

మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి పెరట్లో బాత్రూమ్‌కి వెళ్తూ జారిపడింది. ఆరింటికి పాలబ్బాయి వచ్చేదాకా లేవలేక అక్కడే ఉంది. కుడి మణికట్టు విరిగింది. తుంటి ఎముక కాదు, అదే నయం. వాచ్ ఏం చేస్తోందంటారా? మంచం పక్కన ఛార్జింగ్‌లో ఉంది. ఫోన్ లాగే రాత్రిపూట ఛార్జింగ్ పెట్టమని నేర్పింది నేనే.

అసలు ఈ ఫీచర్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. 2018లో యాపిల్ వాచ్ సిరీస్ 4తో బాగా పాపులర్ అయింది, తర్వాత శాంసంగ్, గూగుల్ కూడా ఇచ్చాయి. మనం కదలకుండా ఉన్నప్పుడు యాక్సిలరోమీటర్ 1 జి చూపిస్తుంది. కింద పడేటప్పుడు ఆ రీడింగ్ తగ్గి, నేలకి తగలగానే ఒక్కసారిగా పెరుగుతుంది. చెయ్యి ఎలా తిరిగిందో జైరోస్కోప్ చెబుతుంది. ఆ తర్వాత ఒక నిమిషం పాటు స్పందన లేకపోతే కాల్ లేదా మెసేజ్ వెళ్తుంది. కానీ పెద్దవాళ్లు చాలాసార్లు గోడ పట్టుకుని మెల్లగా జారిపోతారు. అలాంటప్పుడు గట్టి దెబ్బ ఉండదు, అలర్ట్ రాకపోవచ్చు. ప్రతి పడటాన్నీ గుర్తించలేమని యాపిల్ కూడా ఒప్పుకుంటుంది.

కొనేవాళ్లకి మూడు మాటలు. ఎస్‌ఓఎస్ బటన్ ఉన్నంత మాత్రాన ఫాల్ డిటెక్షన్ ఉన్నట్టు కాదు. ప్రొఫైల్‌లో మీ పుట్టినతేదీ కాకుండా వాళ్లదే ఇవ్వండి, యాపిల్ వాచ్‌లో 55 దాటితే ఫీచర్ దానంతటదే ఆన్ అవుతుంది. బ్లూటూత్ మోడల్ అయితే ఫోన్ దగ్గర్లో ఉండాలి. ఫోన్ హాల్లో, మనిషి పెరట్లో ఉంటే కష్టం. అన్నట్టు, ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా మొదట నా నంబరే పెట్టా. హైదరాబాద్ నుంచి నేను పరిగెత్తుకొచ్చేసరికి ఏమవుతుంది? ఇప్పుడు పక్కింటి అత్తయ్య నంబర్ ముందుంది.

చేతికి కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చాక, మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా చీకట్లో నేనే నడిచి చూశా. లైట్ స్విచ్ వసారా అవతలి చివర ఉంది. అంటే లైట్ వెయ్యాలన్నా చీకట్లోనే నడవాలి! మధ్యలో ఎత్తు గడప. పెరట్లో కడప బండల మీద పాచి. మన డెల్టాలో కాలవ పక్క ఇళ్లకి తేమ ఎప్పుడూ ఉండేదే కదా. ఆమె కాళ్లకేమో అరిగిపోయిన హవాయి చెప్పులు.

రెండు మోషన్ సెన్సర్ బల్బులు పెట్టించా. బాత్రూమ్ గోడకి స్టీల్ పిడి డ్రిల్ చేసి బిగించాం (వాక్యూమ్‌తో అతుక్కునేది వద్దు, బరువు పడితే ఊడొచ్చే ప్రమాదముంది). పాచి గీకించి, వెనక పట్టీ ఉన్న చెప్పులు కొన్నాం. అంతా కలిపితే వాచ్ ధరలో పావు వంతు కూడా కాలేదు.

ఇంకొకటి ఏ గ్యాడ్జెట్ రివ్యూలోనూ రాయరు. డాక్టర్ గారు అమ్మమ్మ బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూశారు. లేవగానే బాగా పడిపోతోంది. బీపీ మాత్ర డోసు మార్చారు. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవమన్నారు. కట్టు విప్పాక వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే ఎక్సర్‌సైజులు కూడా చెప్పారు. ఇది తీసిపారేసే విషయం కాదు. 2019 నాటి కాక్రేన్ రివ్యూ ప్రకారం వ్యాయామం వల్ల పెద్దవాళ్లు పడటం 23 శాతం దాకా తగ్గుతుంది.

వాచ్ ఇప్పుడు మధ్యాహ్నం సీరియల్ టైమ్‌లో ఛార్జ్ అవుతోంది, రాత్రంతా చేతికే. పోయిన నెల అమ్మమ్మ దుప్పటి బండకేసి బాదుతుంటే అలర్ట్ వెళ్లిపోయింది. వాచ్ మోగిన సంగతి ఆమె చూసుకోలేదు. పక్కింటి అత్తయ్య చేతికి పిండితోనే పరిగెత్తుకొచ్చిందట. ఇద్దరూ కాఫీ తాగి నాకు ఫోన్ చేశారు.