మూర్ఛకు గంజాయి మందా?

ఇటీవల ఒక తల్లి తొమ్మిదేళ్ల కుమారుని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. బాలునికి మూర్ఛవ్యాధి. "శాస్త్రిగారూ, అమెరికాలో మూర్ఛకు గంజాయి మందు ఇస్తున్నారట. మన శాస్త్రంలోనూ ఉన్నదే కదా! మాత్రలు మానిపించి అదే ఇవ్వండి" అని కోరింది. ఆమెకు నేను చెప్పిన సమాధానం పాఠకులకు కూడా ఉపకరిస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

గంజాయి మొక్కను మన గ్రంథాలు 'భంగ' అన్నాయి. గురుకులంలో మా గురువుగారు శార్ఙ్గధర సంహిత పాఠం చెబుతూ, వ్యవాయి ద్రవ్యాలకు భంగను, నల్లమందును ఉదాహరణలుగా చూపేవారు. జీర్ణం కాకమునుపే దేహమంతటా వ్యాపించేది వ్యవాయి. భావప్రకాశం భంగకు జఠరాగ్నిని పెంచే గుణంతోపాటు మోహాన్ని కలిగించే గుణాన్ని కూడా చెప్పింది.

అది మనస్సును ఎలా వశం చేసుకుంటుందో ఆధునికులు శోధించారు. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మెషూలం, గావోని మత్తు కలిగించే టి.హెచ్.సి. అనే పదార్థాన్ని వేరుచేశారు. 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్ బృందం ఎలుక మెదడులో అది అతుక్కొనే గ్రాహకాలను గుర్తించింది. గ్రాహకం తాళమైతే, ఆ పదార్థం తాళంచెవి. మరి, ఎక్కడో పెరిగే మొక్క కోసం మన మెదడు తాళాలు అమర్చుకోదు కదా! దేహంలోనే పుట్టే తాళంచెవి 1992లో బయటపడింది. దానికి మన సంస్కృత శబ్దంతోనే 'ఆనందమైడ్' అని నామకరణం చేశారు.

ఈ తాళాలు జ్ఞాపకశక్తి, నొప్పి, ఆకలి, శరీరపు తూకం, మనోభావాలు అన్నింటితోనూ ముడిపడినవి. అందుకే వాటిని కదిలిస్తే మేలు, కీడు కలిసే వస్తాయి. బరువు తగ్గించడానికి ఈ గ్రాహకాలను మూసివేసే రిమోనబాంట్ అనే మందును 2006లో ఐరోపాలో అనుమతించారు. వాడినవారిలో కొందరికి తీవ్రమైన దిగులు, ఆత్మహత్యా చింతన కలగడంతో 2008లో నిలిపివేశారు.

ఇక మూర్ఛ మాట. 2018లో అమెరికా ప్రభుత్వం అనుమతించినది గంజాయి కాదు. అందులోంచి శుద్ధిచేసిన, మత్తు కలిగించని కన్నాబిడియోల్. అదీ అప్పట్లో డ్రావే, లెనాక్స్-గాస్టో అనే రెండు అరుదైన, తీవ్రమైన మూర్ఛలకు మాత్రమే. పై తాళాలతో దానికి ఉన్న సంబంధం స్వల్పం. కాలేయాన్ని పరీక్షిస్తూ, ఇతర మందులతో సరిచూసుకుంటూ వైద్యులే ఇవ్వాలి.

"అమ్మా, మాత్రలు హఠాత్తుగా మానితే మూర్ఛలు ఎడతెగక వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. ఎదిగే మెదడుకు గంజాయి హానికరం. నరాల వైద్యుని అడగనిదే ఏ మందూ మార్చవద్దు" అన్నాను.

మూర్ఛ వచ్చినప్పుడు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోటిలో ఏదీ పెట్టవద్దు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన ఇళ్లలో వాడుక; దానివల్ల మూర్ఛ ఆగదు. వేళకు నిద్ర, వేళకు భోజనం, వేళకు మందు - ఈ మూడూ తప్పనీయవద్దు.