ఖరగ్‌పూర్ శివార్లలో ఈనికల కాలం

ఖరగ్‌పూర్ అనగానే ఎవరికైనా రైలు గుర్తుకు వస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, పందొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి ఇచ్చట కూడలి స్టేషనును నిర్మించినది. ఆ వెనుకనే పెద్ద కర్మాగారం వెలసినది. అందులో పనికై శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి తెలుగు కుటుంబాలు తరలివచ్చి స్థిరపడినవి. బెంగాలీ, హిందీ, ఒడియా, సంతాలీ, తెలుగు భాషలు ఒకే బజారులో వినవచ్చే ఊరు ఇది. ఈ ప్రాంతపు తెలుగువారి చిరకాల వాంఛను మన్నించి, తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించుటకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపినది.

పట్టణపు పొలిమేర దాటితే వేరొక జీవనం కనిపిస్తుంది. జేగురు రంగు నేలలు, సాల వృక్షాలు, వరి మళ్లు, వాటి మధ్య చిన్న చిన్న పల్లెలు. ఆ పల్లెల్లో పేద కుటుంబాలకు ఇంటి పక్కనే మేకల కొట్టం ఉంటుంది. అందులో ఉండేవి నాలుగైదు మేకలే. అయినా పిల్లల చదువుకు గాని, జబ్బు చేసినప్పుడు మందులకు గాని చేతికి అందివచ్చే సొమ్ము అదే. మేకను పేదవాని ఆవు అనుట ఇందువల్లనే. ఆ సొమ్ము పెరుగునో తరుగునో చాలవరకు శీతాకాలపు ఈనికలలోనే తేలిపోతుంది.

చిన్న మేక, పెద్ద సంతతి

ఈ ప్రాంతపు మేక బ్లాక్ బెంగాల్ జాతికి చెందినది. పేరుకు తగినట్లు ఎక్కువ భాగం నల్లనివే అయినా, గోధుమ, తెలుపు, బూడిద రంగులవి కూడా కలవు. పొట్టి కాళ్లు, చిన్న శరీరం. పెరిగిన ఆడమేక ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. మాంసం రుచికి, చర్మం నాణ్యతకు పేరుపొందిన జాతి ఇది. అన్నింటికంటె మిన్నయైన గుణం దీని సంతానశక్తి. ఒక ఈతకు రెండు పిల్లలు సాధారణం, మూడు కూడా అరుదు కాదు. మంచి పోషణ ఉంటే రెండేండ్లలో మూడు ఈతలు ఈనగలదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 14.9 కోట్ల మేకలు ఉండగా, 1.6 కోట్లకు పైగా మేకలతో పశ్చిమ బెంగాల్ రాజస్థాన్ తరువాత రెండవ స్థానంలో నిలిచినది.

మేక చూలు కాలం సుమారు 150 దినాలు. ఈ జాతి ఏడాది పొడుగునా ఈనుతుంది. అయితే వానలు పడి పచ్చిమేత సమృద్ధిగా ఉన్న శ్రావణ భాద్రపదాలలో చూలు నిలిచినవి పుష్య మాఘాలలో ఈనుతవి. వరి కోతలు ముగిసి పొలాలలో మేతకు చోటు దొరికే కాలమే అది. కాని రాత్రి చలి తీవ్రంగా ఉండేదీ, తెల్లవారుజామున మంచు కురిసేదీ అప్పుడే.

తొలి గంట

పుట్టినప్పుడు ఈ జాతి పిల్ల బరువు కిలో, కిలోంబావు మాత్రమే. అంత చిన్న శరీరంలో వేడి నిలవదు. ఉమ్మనీటితో తడిసిన పిల్లను చలిగాలికి వదిలితే కొద్ది గంటలలోనే నీరసించి పాలు కుడుచుకొనే శక్తిని కోల్పోతుంది. పాలు కుడవని పిల్ల మరింత చల్లబడుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయి పిల్ల ప్రాణం తీస్తవి.

అందువల్ల ఈనే సూచనలు కనిపించగానే కొట్టంలో ఎండు వరిగడ్డి పరచి, గాలి వచ్చే వైపు గోనెపట్టాలు కట్టవలెను. పిల్ల భూమి మీద పడగానే ముక్కు, నోరు శుభ్రపరచి, పొడిగుడ్డతో తుడిచి తల్లి ముందు ఉంచవలెను. తల్లి నాకుట వలన పిల్ల ఆరుటయే గాక, తల్లి దాని వాసనను గుర్తుపట్టి తనదిగా స్వీకరిస్తుంది. బొడ్డుకు టింక్చర్ అయొడిన్ పూయుట మరువరాదు. క్రిములు శరీరంలోనికి చేరుటకు తడి బొడ్డు ఒక ద్వారం వంటిది.

అన్నింటికంటె ముఖ్యమైనవి ముర్రుపాలు. వ్యాధినిరోధక శక్తి గర్భంలో ఉండగా తల్లి నుండి మేకపిల్లకు అందదు, ముర్రుపాల ద్వారానే అందుతుంది. ఆ శక్తిని గ్రహించే గుణం పిల్ల పేగులకు మొదటి రోజు మాత్రమే ఉంటుంది. గంటలు గడిచిన కొద్దీ అది తగ్గిపోతుంది. కనుక తొలి గంటలోనే ముర్రుపాలు కుడిపించవలెను. మొదటి దినం ముగిసేలోగా పిల్ల బరువులో పదవ వంతు ముర్రుపాలైనా కడుపులో పడవలెను. మాయ పడకముందు పాలు తాగించరాదనే నమ్మకం కొన్నిచోట్ల కలదు. అది పిల్లకు హాని చేసే నమ్మకమని పశువైద్యులు హెచ్చరిస్తున్నారు.

రెండు చన్నులు, మూడు పిల్లలు

మేకకు చన్నులు రెండే. ముగ్గురు పిల్లలు పుట్టినచోట బలం గలవి రెండూ చెరియొకటి పట్టుకొనగా బలహీనమైన మూడవది వెనుకబడుతుంది. పైగా ఈ జాతి మేకకు పాలు తక్కువ. సంతానశక్తి వరం అనిపించుకొనుట ఈ మూడవ పిల్ల బ్రతుకు మీద ఆధారపడి ఉన్నది.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. రోజుకు నాలుగైదుసార్లు పిల్లలను వంతుల వారీగా వదిలి, మూడవదానికి ముందు అవకాశం ఇచ్చుట ఒకటి. ఒకే పిల్లను ఈనిన వేరొక మేకకు దానిని మప్పుట మరొకటి. ఇది తొలి గంటలలోనే చేయవలెను, ఆపైన ఆ మేక పరాయి వాసన గల పిల్లను దగ్గరకు రానీయదు. ఈ రెండూ కుదరనప్పుడు గోరువెచ్చని ఆవుపాలు సీసాతో కొద్దికొద్దిగా పట్టవలెను. చూలు చివరి ఆరు వారాలలో తల్లికి తవుడు, తెలగపిండి, గింజలు అదనంగా పెడితే పిల్లలు బరువుతో పుడతవి, పాలూ పెరుగుతవి. కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది ఆ వారాలలోనే.

దినచర్య, జాగ్రత్తలు

ఈ కాలంలో కొట్టం పని తెల్లవారకముందే మొదలవుతుంది. అది ఎక్కువగా స్త్రీల చేతి మీదుగా సాగే పని. ముందుగా పిల్లలను తాకి చూస్తారు. నోటి లోపల చల్లగా ఉన్నదానికి వెంటనే వెచ్చదనం, పాలు కావలెను. తడిసిన గడ్డి తీసివేసి పొడిగడ్డి పరుస్తారు. మంచు ఆరిన పిదపనే మేకలను మేతకు తోలుతారు. తడిగడ్డితో పాటు పురుగుల లార్వాలు కడుపులోనికి చేరు ప్రమాదం కలదు. ఈనిన తల్లులకు పనస ఆకులు ఇంటివద్దనే కోసి వేస్తారు. మధ్యాహ్నపు ఎండలో పిల్లలను ఆడనిస్తారు. రాత్రి చలికి మంట వేయుట పరిపాటి. కాని మూసిన కొట్టంలో పొగ నిండితే పిల్లల ఊపిరితిత్తులు దెబ్బతింటవి; గాలి పూర్తిగా ఆడకున్నా న్యుమోనియా వస్తుంది. పైన గాలి పోవుటకు దారి, కింద చలిగాలికి అడ్డు, ఇదే సరియైన ఏర్పాటు.

మందలను తుడిచిపెట్టే పి.పి.ఆర్. అనే వైరస్ వ్యాధికి మన శాస్త్రజ్ఞులే టీకా తయారుచేసినారు. 2030 నాటికి ఈ వ్యాధిని ప్రపంచం నుండి నిర్మూలించవలెనని అంతర్జాతీయ సంస్థలు 2015లో సంకల్పించినవి. మూడు నెలలు నిండిన పిల్లలకు పశువైద్యశాలలో ఈ టీకా వేయించుట ప్రతి పెంపకందారు కర్తవ్యం.

ఒకే విద్య, పలు భాషలు

బెంగాలీలో ఛాగల్, హిందీలో బక్రీ, సంతాలీలో మెరోమ్, తెలుగులో మేక. పేర్లు వేరైనా పెంపకపు కష్టసుఖాలు ఒక్కటే. జనవరి మధ్యలో బెంగాలీల పౌష సంక్రాంతి, సంతాలుల సక్రాత్, తెలుగువారి సంక్రాంతి ఒకే రోజులలో వస్తవి. ఆ పండుగ పనుల మధ్యనే మేకలు ఈనుతూ ఉంటవి. పండుగ నాడైనా కొట్టం వైపు చూడక తప్పదు. ఈ విద్యను పెద్దలు చేసి చూపితే పిల్లలు నేర్చుకున్నారు. పొరుగువారు చూచి అందిపుచ్చుకున్నారు. దానికి శాస్త్రం చెప్పే నాలుగు మాటలు తోడైతే చాలు. కొట్టానికి ఒక్కొక్క పిల్ల చొప్పున అదనంగా దక్కినా, అది పేద ఇంటికి ఏడాది భరోసా.